40 సిస్టమ్స్‌కి ఒకే ఇమేజ్ పంపాలి, మల్టీకాస్ట్ పెడితే బిల్డింగ్ మొత్తం వైఫై పడిపోతోంది

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

అందరికీ నమస్కారం. ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటాను. 40 సిస్టమ్స్, ఒక సర్వర్, రెండు 24 పోర్టుల గిగాబిట్ స్విచ్‌లు (మేనేజ్డ్‌వే, అంటే సెట్టింగ్స్ మార్చుకోవచ్చు, కానీ ఎవరూ ముట్టుకోలేదు), రెండిటి మధ్య ఒక్క కేబుల్. మొదటి స్విచ్ నుంచి ఇంకో కేబుల్ బిల్డింగ్ స్విచ్‌కి పోతుంది. సెమిస్టర్ మారినా, ఆన్‌లైన్ పరీక్షలు వచ్చినా అన్నిటికీ ఒకే డిస్క్ ఇమేజ్ (విండోస్, సాఫ్ట్‌వేర్లతో సహా మొత్తం డిస్క్ కాపీ) ఎక్కించాలి. ఇమేజ్ సుమారు 30 జీబీ. ఇప్పటిదాకా షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టి కొన్ని కొన్ని సిస్టమ్స్ చొప్పున లాగిస్తున్నాం. మధ్యాహ్నం మొదలుపెడితే వాచ్‌మన్ వచ్చి ఇక తాళం వేస్తానని నిలబడేదాకా నడుస్తుంది.

మల్టీకాస్ట్ వాడితే సర్వర్ ఒక్కసారే పంపుతుంది, అందరూ పట్టుకుంటారు అని చెబితే డిస్కులు కాపీ చేసే క్లోన్‌జిల్లా టూల్‌లో మల్టీకాస్ట్ పెట్టాను. ల్యాబ్‌లో బాగానే నడుస్తోంది. కానీ అది నడుస్తున్నంతసేపూ బిల్డింగ్ వైఫై మొత్తం చచ్చిపోతోంది, స్టాఫ్ రూమ్ నుంచి ఒకటే ఫోన్లు. నేను పంపేది వైర్ మీద, వాళ్లు వాడేది వైఫై, మరి దీనికీ దానికీ సంబంధం ఏంటి? ఇంకోటి, ఒకే డేటా చాలామందికి పంపడానికి అసలు మల్టీకాస్టే సరైన పద్ధతా, లేక ఇంకేదైనా ఉందా? టూల్ పేరు చెప్పి వదిలేయకుండా, ఎందుకు అలా అవుతుందో కూడా చెప్పండి ప్లీజ్.

---

కేబుల్_రాజు

వైఫై సంగతి నేను చెప్తా సర్, ఇది చాలా చోట్ల చూసిందే.

స్విచ్‌కి ఒక ప్యాకెట్ వస్తే అది ఏ మ్యాక్ అడ్రస్‌కో (ప్రతి నెట్‌వర్క్ కార్డుకీ ఉండే గుర్తింపు నంబర్) చూసి, ఆ మ్యాక్ ఏ పోర్టులో ఉందో ముందే నేర్చుకుని ఉంటుంది కాబట్టి, ఆ ఒక్క పోర్టులోకే వదులుతుంది. మల్టీకాస్ట్ అడ్రస్ ఏ ఒక్క మెషిన్‌దీ కాదు, 224తో మొదలై 239 దాకా ఉండే ఐపీలు అన్నీ గ్రూప్ అడ్రస్‌లే, కాబట్టి అది ఏ పోర్టులో ఉందో స్విచ్ ఎప్పటికీ నేర్చుకోలేదు. నేర్చుకోకపోతే ఏం చేస్తుంది? అన్ని పోర్టుల్లోకీ వదిలేస్తుంది. అంటే మీరు మల్టీకాస్ట్ అనుకుంటున్నది మీ స్విచ్ దృష్టిలో అచ్చంగా బ్రాడ్‌కాస్ట్, అంటే అందరికీ పంపేది. బిల్డింగ్ స్విచ్‌కి పోయే కేబుల్ కూడా ఒక పోర్టే కదా, అందులోకీ పోతుంది, అక్కడి స్విచ్ కూడా అదే పని చేస్తుంది, చివరికి ప్రతి వైఫై యాక్సెస్ పాయింట్ నోట్లోకీ మీ 30 జీబీ ఇమేజ్ వెళ్తుంది.

అసలు దెబ్బ అక్కడ. వైఫైలో మామూలు డేటా అయితే మీ ల్యాప్‌టాప్ ఎంత స్పీడ్ పట్టగలదో అంత స్పీడ్‌తో పంపుతుంది, అందినట్టు అక్నాలెడ్జ్‌మెంట్ కూడా వస్తుంది. అందరికీ అని పంపేదానికి అక్నాలెడ్జ్‌మెంట్ ఉండదు. ఎంత దూరంలో ఉన్నవాడికైనా వినపడాలి కాబట్టి చాలా యాక్సెస్ పాయింట్లు దాన్ని అన్నిటికంటే తక్కువ రేటులో పంపుతాయి, సెట్టింగ్ మార్చకపోతే 2.4 గిగాహెర్ట్జ్‌లో అది 1 ఎంబీపీఎస్ (సెకనుకి ఒక మెగాబిట్), 5 గిగాహెర్ట్జ్‌లో 6. గిగాబిట్ స్పీడ్‌తో వచ్చేదాన్ని 1 ఎంబీపీఎస్‌తో గాల్లోకి వదలాలంటే ఇంకెవరికి సందు దొరుకుతుంది? స్టాఫ్ రూమ్‌లో వాళ్ల తప్పేం లేదు.

రెండు దారులు. మోటు దారి: ఇమేజింగ్ చేసేటప్పుడు బిల్డింగ్‌కి పోయే కేబుల్ పీకేయండి, అయ్యాక పెట్టండి. (సిస్టమ్స్‌కి ఐపీలు పంచే డీహెచ్‌సీపీ బయటి నుంచి వస్తుంటే మాత్రం ముందు మీ సర్వర్ మీదే ఏర్పాటు చేసుకోవాలి, లేకపోతే సిస్టమ్స్ బూట్ కూడా అవ్వవు.) పద్ధతైన దారి: స్విచ్‌లలో ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్ చేయండి (ఐజీఎంపీ అంటే మెషిన్లు మల్టీకాస్ట్ గ్రూప్‌లో చేరుతున్నామని చెప్పే పద్ధతి). అప్పుడు ఏ పోర్టులో ఉన్న మెషిన్ "నేను ఈ గ్రూప్‌లో ఉన్నా" అందో స్విచ్ చాటుగా విని, ఆ పోర్టుల్లోకి మాత్రమే వదులుతుంది.

---

అల్గో_పిచ్చి

రాజు గారు చెప్పింది కరెక్ట్, రెండో ప్రశ్న నేను తీసుకుంటా. నాకు ఇష్టమైన టాపిక్, కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు లెక్క. గిగాబిట్ మీద నిజంగా వచ్చేది సెకనుకి 110 ఎంబీ అనుకుందాం. 30 జీబీ ఒక మెషిన్‌కి పోవడానికి నాలుగున్నర నిమిషాలు. సర్వర్ ఒక్కటే 40 మందికీ విడివిడిగా ఇస్తే మొత్తం 1200 జీబీ ఆ ఒక్క పోర్టులోంచే బయటికి రావాలి, అంటే మూడు గంటలు. పదేసి చొప్పున పెట్టినా, అన్నీ ఒకేసారి పెట్టినా ఆ మూడు గంటలు తగ్గవు, ఎందుకంటే ఇరుకు ఉన్నది సర్వర్ పోర్టు దగ్గర. ఈలోపు ఇమేజ్ అందిన మెషిన్లు ఏం చేస్తున్నాయి? ఖాళీగా కూర్చున్నాయి. వాటి పోర్టులు కూడా గిగాబిట్టే కదా.

అందుకని, అందినవాడు ఊరికే కూర్చోకుండా ఇంకొకడికి ఇవ్వాలి. మొదటి రౌండ్‌లో సర్వర్ ఒకడికి ఇస్తుంది, ఇప్పుడు ఇద్దరి దగ్గర ఉంది. రెండో రౌండ్‌లో ఇద్దరూ చెరొకరికి ఇస్తారు, నలుగురు. తర్వాత 8, 16, 32, 64. మీ 41 మెషిన్లకి ఆరు రౌండ్లు చాలు, అంటే 27 నిమిషాలు. దీన్ని బైనోమియల్ ట్రీ అంటారు. ఒక్కొక్కరు ఒకసారి ఒక్కరికే చెప్పగలిగితే ఇంతకంటే తక్కువ రౌండ్లలో ఎవరూ చేయలేరు, తెలిసినవాళ్ల సంఖ్య ఒక రౌండ్‌లో రెట్టింపు కంటే పెరగదు కాబట్టి. అదీ ఎవరు ఎవరికైనా నేరుగా పంపగలిగినప్పుడు. ఎవరికి ఎవరితో లింక్ ఉందో అడ్డదిడ్డంగా ఉన్న నెట్‌వర్క్ ఇచ్చి, కనీసం ఎన్ని రౌండ్లు పడతాయో చెప్పమంటే అది ఎన్‌పీ-కంప్లీట్, అంటే త్వరగా తేల్చే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ తెలియని లెక్క. నెట్‌వర్క్ ట్రీ ఆకారంలో ఉంటే మాత్రం తేలిగ్గా తేలిపోతుంది. పరీక్షల్లో అడుగుతారు, మీ పిల్లలకి చెప్పండి.

కానీ 27 నిమిషాలు కూడా ఎక్కువే. ఈ ట్రీలో ఒక పొరపాటు ఊహ దాక్కుని ఉంది: మొత్తం 30 జీబీ చేతికొచ్చాకే ఇంకొకడికి ఇవ్వాలని. ఎందుకు? ఊళ్లో స్లాబ్ వేసేటప్పుడు చూడండి, మనుషులు వరసగా నిలబడి కాంక్రీట్ తట్టలు చేతులు మారుస్తారు, కుప్ప మొత్తం తన దగ్గరికి వచ్చాక పైవాడికి ఇద్దామని ఎవడూ కూర్చోడు. అలాగే ఇమేజ్‌ని 1 ఎంబీ ముక్కలు చేసి, 40 మెషిన్లనీ వరసలో పెట్టి, ముక్క అందగానే పక్కవాడికి తోసేయడమే. స్విచ్ పోర్టులు ఫుల్ డూప్లెక్స్ కాబట్టి ఒక పక్క నుంచి తీసుకుంటూనే ఇంకో పక్కకి అదే స్పీడ్‌తో ఇవ్వొచ్చు. ఒక ముక్కకి సుమారు 9 మిల్లీసెకన్లు, వరసలో చివరి మెషిన్‌కి మొదటి ముక్క చేరడానికి అర సెకను కూడా పట్టదు, ఆ తర్వాత అందరికీ ధారలా వస్తూనే ఉంటుంది. మొత్తం నాలుగున్నర నిమిషాలు ప్లస్ అర సెకను. మెషిన్లు 40 ఉన్నా 80 ఉన్నా దాదాపు అదే టైమ్. నాకు మొదటిసారి ఈ లెక్క చూసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు. డాలీ అని ఒక పాత టూల్ అచ్చంగా ఇదే చేస్తుంది, క్లస్టర్లు క్లోన్ చేయడానికి రాసింది.

చిన్న మెసేజ్ అయితే మాత్రం కథ తిరగబడుతుంది. ఒక కిలోబైట్ పంపడానికి వరస పెడితే 40 అంచెలు దాటాలి, ట్రీలో అయితే ఆరే. అందుకే సూపర్ కంప్యూటర్లలో వాడే ఎంపీఐ లైబ్రరీల్లో బ్రాడ్‌కాస్ట్ అని ఒకే ఫంక్షన్ ఉన్నా, లోపల మెసేజ్ సైజు చూసి అల్గారిథమ్ మారుస్తాయి. ఉదాహరణకి ఎంపిచ్ అనే లైబ్రరీలో చిన్నదైతే బైనోమియల్ ట్రీ, పెద్దదైతే తలా ఒక ముక్క పంచి తర్వాత ముక్కలు మార్చుకోవడం.

---

పాత_సిసాడ్మిన్

లెక్క బాగుంది తమ్ముడూ, కాగితం మీద. ల్యాబ్‌లో వరస పెట్టి చూడు. పదిహేడో సిస్టమ్‌లో హార్డ్ డిస్క్ పోయే దశలో ఉంటుంది, లేదా ఎవడో కాలు తగిలి కేబుల్ ఊడుతుంది, అంతే, దాని వెనక 23 మెషిన్లు నోరు తెరుచుకుని చూస్తుంటాయి. మధ్యలో ఒకడు తెగితే వాడిని తప్పించి తర్వాతవాడికి అతుక్కునే తెలివి టూల్‌కి ఉండాలి, అన్నిటికీ ఉండదు.

టొరెంట్ వాడండి అని ఎలాగూ ఎవరో ఒకరు వస్తారు, క్లోన్‌జిల్లాలో ఆ మోడ్ కూడా ఉంది, కాబట్టి దాని సంగతీ చెప్తా. తెగిన మెషిన్ల గొడవ దానికి లేదు, ఎవరి దగ్గర ఏ ముక్క ఉంటే వాళ్ల దగ్గర తీసుకుంటుంది. కానీ మాస్టారి రెండు స్విచ్‌ల మధ్య ఒకటే కేబుల్ ఉంది. జోడీలను గుడ్డిగా ఎంచుకుంటే సగం ట్రాఫిక్ ఆ కేబుల్ దాటుతుంది, ఒక్కో దిశలో 300 జీబీ చొప్పున, దానికే ముప్పావు గంట. వరస పద్ధతిలో అయితే ముందు ఒక స్విచ్ మెషిన్లన్నీ, తర్వాత రెండో స్విచ్ మెషిన్లు అని పేర్చుకుంటే ఆ కేబుల్ మీద ఇమేజ్ ఒక్కసారే పోతుంది. పేర్చడం మర్చిపోయి అటొకటి ఇటొకటి పెట్టారో, అక్కడే చిక్కుకుంటారు.

నా ఓటు మల్టీకాస్ట్‌కే. దాని బాధ వేరే. అందరూ అందుకున్నారో లేదో ఎలా తెలియాలి? ప్రతి ప్యాకెట్‌కీ 40 మంది "అందింది, అందింది" అంటే సర్వర్ ఆ సమాధానాలు వినడానికే సరిపోతుంది. అందుకే మల్టీకాస్ట్ టూల్స్ చాలావరకు ప్యాకెట్ ప్యాకెట్‌కీ జవాబు అడగవు. ఒక గుంపు ప్యాకెట్లు పంపి ఆగి అడుగుతాయి, లేదా అందనివాడు మాత్రమే అరవమంటాయి.

ఇంకో చిక్కు. ఒక్కో మెషిన్ వెయ్యికి ఒక ప్యాకెట్ పోగొట్టుకుంటుంది అనుకోండి, వినడానికి ఏమీ కాదు. కానీ 40 మందికీ చేరిన ప్యాకెట్లు 96 శాతమే ఉంటాయి, అంటే వందలో నాలుగు ఎవడో ఒకడి కోసం మళ్లీ పంపాలి, మిగతా 39 మందీ దాన్ని ఊరికే వినాలి. దీనికి మందు ఎఫ్‌ఈసీ, అంటే పోయినదాన్ని తిరిగి కట్టుకోవడానికి ముందే కాస్త అదనపు డేటా (పారిటీ) కలిపి పంపడం. నూరు ప్యాకెట్లకి ఒక పారిటీ ప్యాకెట్ కలిపి పంపితే, ఒకడు మూడో ప్యాకెట్, ఇంకొకడు అరవయ్యో ప్యాకెట్, మరొకడు తొంభయ్యోది పోగొట్టుకున్నా, ప్రతివాడూ ఆ ఒక్క పారిటీతోనే తనకి పోయింది తను కట్టుకోగలడు. విడివిడిగా మళ్లీ పంపాలంటే మూడు పంపాల్సిన చోట ఒక్కటే అందరికీ సరిపోయింది. మల్టీకాస్ట్‌లో నాకు నచ్చేది ఇదే. క్లోన్‌జిల్లా అడుగున ఉండే యూడీపీకాస్ట్ అనే ప్రోగ్రామ్‌లో ఈ ఆప్షన్ ఉంది. మ్యాక్స్ బిట్‌రేట్ అని ఇంకో ఆప్షన్ ఉంది, అది మాత్రం తప్పకుండా పెట్టండి. అందరికంటే నెమ్మది డిస్క్ ఏదో దాని స్పీడ్‌కి కాస్త తక్కువగా. పాత హార్డ్ డిస్కులు ఉంటే 600 ఎంబీపీఎస్‌తో మొదలుపెట్టండి. ఎక్కువ పెడితే ప్యాకెట్లు పోయి, మళ్లీ పంపి, మొత్తం మీద ఇంకా లేటవుతుంది.

విండోస్ అయితే ఇమేజ్ తీసే ముందు సిస్‌ప్రెప్ (ఆ ఒక్క సిస్టమ్ గుర్తింపు వివరాలు తీసేసే విండోస్ టూల్) చేయడం మర్చిపోకండి, అది ఈ టాపిక్ కాదు కానీ తర్వాత ఏడవకుండా చెప్తున్నా.

---

అల్గో_పిచ్చి

అన్నా, తెగిపోయే మెషిన్ల పాయింట్ ఒప్పుకుంటా. దానికి థియరీలో జవాబు గాసిప్. 1987లో జిరాక్స్ పార్క్ అనే పరిశోధన ల్యాబ్ వాళ్లు తమ సర్వర్లలో డేటాబేస్ కాపీలను ఒకేలా ఉంచడానికి ఈ పద్ధతి మీద పేపర్ రాశారు. తెలిసిన ప్రతివాడూ ప్రతి రౌండ్‌లో ఎవడో ఒకడిని గుడ్డిగా ఎంచుకుని చెప్తాడు, అంతే, ట్రీ లేదు, వరస లేదు, ఎవరు ఎవరికి చెప్పాలో ప్లాన్ గీసే పెద్దమనిషి లేడు. 1024 మెషిన్లకి పక్కా ప్లాన్‌తో 10 రౌండ్లు పడితే దీనికి 17 దాకా పడతాయి, ఎందుకంటే చివర్లో ఇప్పటికే తెలిసినవాడికే మళ్లీ మళ్లీ చెప్తుంటారు. ఆ అదనపు ఏడు రౌండ్లకి బదులు, మధ్యలో నలుగురు చచ్చినా వార్త ఆగదు. కసాండ్రా లాంటి డేటాబేస్‌లలో ఏ నోడ్ బతికుంది, ఏది పోయింది అనే సమాచారం ఇలాగే తిరుగుతుంది. 30 జీబీ ఇమేజ్‌కి మాత్రం వద్దు, కేబుల్ సంగతి నువ్వే చెప్పావు.

---

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్ అండి. అప్‌డేట్: రెండు స్విచ్‌లలోనూ ఐజీఎంపీ స్నూపింగ్ ఆన్ చేశాను, బిట్‌రేట్ 600 పెట్టాను. వైఫై మీద ఇక కంప్లైంట్ లేదు. కానీ కొత్త తలనొప్పి. మొదలవ్వడం బ్రహ్మాండంగా మొదలవుతోంది, నాలుగు నిమిషాలు దాటాక సగంపైన అయ్యి అన్ని మెషిన్లూ ఒకేసారి ఆగిపోతున్నాయి. మళ్లీ మొదటి నుంచి పెడితే మళ్లీ అదే టైమ్‌కి ఆగుతోంది. డిస్క్ ప్రాబ్లం అయితే అన్నీ ఒకేసారి ఆగవు కదా?

---

కేబుల్_రాజు

ఆ నాలుగు నిమిషాలు అన్నారు చూశారా, అక్కడే దొరికిపోయింది. క్వెరియర్ లేదు సర్ మీకు.

స్నూపింగ్ అంటే చాటుగా వినడం మాత్రమే. మెషిన్ గ్రూప్‌లో చేరినప్పుడు ఒకసారి చెప్తుంది, స్విచ్ రాసుకుంటుంది. కానీ ఆ మెషిన్ తర్వాత ఆఫ్ అయిపోయిందో ఏమో స్విచ్‌కి తెలియదు కాబట్టి, రాసుకున్నదానికి గడువు పెడుతుంది. ఆ గడువులోపు ఎవరో ఒకరు "ఈ గ్రూప్‌లో ఇంకా ఎవరున్నారు?" అని అడగాలి, మెషిన్లు జవాబివ్వాలి, గడువు పొడిగించుకోవాలి. ఆ ప్రశ్నే క్వెరీ, అడిగేవాడే క్వెరియర్. మామూలుగా అడిగేది మల్టీకాస్ట్ రౌటర్, 125 సెకన్లకొకసారి. మీ ల్యాబ్‌లో అలాంటిది లేదు, అడిగేవాడు లేడు, రెండు క్వెరీల టైమ్ ప్లస్ జవాబుకి పది సెకన్లు, అంటే 260 సెకన్లు కాగానే స్విచ్ అందరి పేర్లూ కొట్టేసింది. మీ నాలుగు నిమిషాల 20 సెకన్లు అదే.

స్విచ్‌లో ఐజీఎంపీ క్వెరియర్ అనే ఆప్షన్ ఉంటుంది, ఆన్ చేసి, ఆ వీల్యాన్‌లో (ఒకే స్విచ్‌ల మీద సెట్టింగ్స్‌తో విడదీసిన నెట్‌వర్క్) స్విచ్‌కి ఒక ఐపీ ఇవ్వండి. ఒక్క స్విచ్‌లో చాలు. ఎక్కడ పెడుతున్నారో మాత్రం జాగ్రత్త: ల్యాబ్ స్విచ్‌లోనే పెట్టండి, బిల్డింగ్ స్విచ్‌లో కాదు. స్నూపింగ్ చేసే స్విచ్ మల్టీకాస్ట్ డేటాని అడిగినవాళ్లకే కాక క్వెరియర్ ఉన్న వైపు కూడా పంపుతుంది, అటు రౌటర్ ఉందేమో అనుకుని. క్వెరియర్ పైన ఉంటే మీ ఇమేజ్ మళ్లీ పైకి ఎక్కుతుంది. ఒకే వీల్యాన్‌లో ఇద్దరు క్వెరియర్లు ఉంటే తక్కువ ఐపీ ఉన్నవాడు గెలుస్తాడు, కాబట్టి ల్యాబ్‌ని విడిగా ఒక వీల్యాన్‌లో పెట్టేస్తే ఈ గొడవే ఉండదు.

---

బీటెక్_థర్డ్_ఇయర్

మధ్యలో దూరుతున్నా, సారీ. 2023లో ఫోన్లన్నీ ఒకేసారి పెద్ద సౌండ్‌తో మోగి ప్రభుత్వం టెస్ట్ మెసేజ్ వచ్చింది కదా, అది కూడా ఇలా మల్టీకాస్టేనా? అన్ని కోట్ల ఎస్ఎంఎస్‌లు ఒకేసారి ఎలా వెళ్లాయి?

---

పాత_సిసాడ్మిన్

అది ఎస్ఎంఎస్ కాదమ్మా, సెల్ బ్రాడ్‌కాస్ట్. ఎస్ఎంఎస్ అయితే ప్రతి నంబర్‌కీ విడివిడిగా పోవాలి, ఆ ఫోన్ ఎక్కడుందో వెతకాలి, తుఫాను రోజు నెట్‌వర్క్ అసలే నిండిపోయి ఉంటే గంటల తరబడి క్యూలో ఉంటుంది. పైగా తెలుగులో ఒక ఎస్ఎంఎస్‌కి 70 అక్షరాలే. సెల్ బ్రాడ్‌కాస్ట్‌లో టవర్ ఒక్కసారి గాల్లోకి వదులుతుంది, దాని పరిధిలో వంద ఫోన్లున్నా పదివేలున్నా టవర్‌కి అదే ఖర్చు. ఎవరి నంబర్లూ అక్కర్లేదు, కావాల్సిన జిల్లా టవర్ల నుంచి మాత్రమే వదలొచ్చు. అక్నాలెడ్జ్‌మెంట్ లేదు కాబట్టి అందనివాళ్ల కోసం అదే మెసేజ్‌ని కాసేపు మళ్లీ మళ్లీ వదులుతూ ఉంటారు, ప్రతి మెసేజ్‌కీ దాని గుర్తింపు నంబర్ ఉంటుంది, ఒకసారి చూసిన నంబర్ ఉన్న మెసేజ్‌ని ఫోన్ రెండోసారి చూపించదు.

---

ల్యాబ్_ఇన్‌ఛార్జ్

క్వెరియర్ పెట్టాను, పనిచేసింది! మొత్తం 40కీ ఒకే విడతలో అయిపోయింది, టీ తాగి వచ్చేసరికి చివరి సిస్టమ్స్ రీబూట్ అవుతున్నాయి. రాజు గారికీ అందరికీ పెద్ద థాంక్స్.

ఆఖరి ప్రశ్న. రెండు స్విచ్‌ల మధ్య ఇంకో కేబుల్ వేస్తే స్పీడ్ ఇంకా పెరుగుతుందా?

---

కేబుల్_రాజు

వేయకండి సర్. ఒకటి, అవసరం లేదు, మల్టీకాస్ట్‌లో ఆ కేబుల్ మీద ఒకే కాపీ పోతోంది, మీ ఇరుకు ఇప్పుడు డిస్కుల దగ్గర ఉంది. రెండు, స్పానింగ్ ట్రీ (లూప్‌లను పట్టి ఆపే స్విచ్ సెట్టింగ్) ఆఫ్‌లో ఉండగా రెండో కేబుల్ పెట్టారో, లూప్ అవుతుంది. ఐపీ ప్యాకెట్‌కి టీటీఎల్ (ఎన్ని రౌటర్లు దాటొచ్చో చెప్పే లెక్క) ఉంటుంది, తిరిగి తిరిగి చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కి అలాంటిదేమీ లేదు. ఒక్క ఏఆర్‌పీ బ్రాడ్‌కాస్ట్ (ఈ ఐపీ ఎవరిది అని అందరినీ అడిగే మెసేజ్) చాలు, రెండు స్విచ్‌ల మధ్య తిరుగుతూ ప్రతి చుట్టులోనూ అన్ని పోర్టుల్లోకీ కాపీలు వదులుతూ సెకన్లలో ల్యాబ్ మొత్తాన్ని పడగొడుతుంది. 1985లో డెక్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ స్పానింగ్ ట్రీ కనిపెట్టింది ఇలాంటి లూప్‌ల కోసమే. అది ఆన్‌లో ఉంటే రెండో కేబుల్‌ని అది బ్లాక్ చేసి ఊరికే ఉంచుతుంది, ఒకటి తెగితే పనికొస్తుంది తప్ప స్పీడ్ రాదు. రెండూ కలిపి వాడాలంటే రెండు వైపులా లింక్ అగ్రిగేషన్ (రెండు కేబుల్స్‌ని ఒకే లింక్‌గా చూసే సెట్టింగ్) పెట్టాలి, అప్పుడు కూడా ఒక మల్టీకాస్ట్ స్ట్రీమ్ ఏదో ఒక కేబుల్ మీదే పోతుంది.

మీ స్విచ్‌లలో స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉందో లేదో మాత్రం ఇప్పుడే ఒకసారి చూడండి. ల్యాబ్‌లో పిల్లలు గోడ సాకెట్ నుంచి గోడ సాకెట్‌కే కేబుల్ గుచ్చడం మామూలే.